‘బాగానే ఉంది’ అనిపించే ఆల్బమ్‌కి రివ్యూ ఎలా రాయాలి: దంపతుల ఇండీ రాక్ బ్యాండ్ ఉదాహరణగా

గొప్ప ఆల్బమ్ మీద రాయడం పెద్ద కష్టం కాదు. నాసిరకం ఆల్బమ్ మీద రాయడం ఇంకా తేలిక, కోపమే వాక్యాల్ని ముందుకు తోస్తుంది. అసలు ఇబ్బంది మధ్యరకం దగ్గరే. పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, ఆపేశాక ఒక్క పాటా గుర్తుండదు. ఎలా ఉందని ఎవరైనా అడిగితే “బాగానే ఉంది” అని ఊరుకుంటాం. అలాంటి ఆల్బమ్ మీద నాలుగైదు వందల మాటలు రాయాలి, అవి చదివేవాళ్లకి పనికిరావాలి, పాడినవాళ్లకి అన్యాయం జరగకూడదు. ఇంత జాగ్రత్త ఎందుకంటే విడుదలయ్యే సంగీతంలో ఎక్కువ భాగం ఈ కోవలోదే. రివ్యూ రాసేవాళ్ల నిజాయితీ బయటపడేది కూడా ఇక్కడే.

బ్యాండ్‌లో ఉన్నది భార్యాభర్తలైతే ఇంకో చిక్కు వచ్చి పడుతుంది. పాటలకంటే ముందు వాళ్ల ప్రేమకథ మన దాకా వచ్చేస్తుంది. ఆ కథ బాగుంటే పాటలు కూడా బాగున్నట్టే వినిపిస్తాయి.

గాలిలో సలహాలు చెప్పకుండా ఒక నిజమైన ఆల్బమ్‌నే ముందు పెట్టుకుందాం. అమెరికాలోని డెన్వర్ నగరానికి చెందిన టెన్నిస్ అనే ఇండీ (పెద్ద సంగీత కంపెనీలకు బయట పనిచేసే) బ్యాండ్‌లో అలైనా మూర్, పాట్రిక్ రైలీ భార్యాభర్తలు. కాలేజీలో కలుసుకున్నారు, ఉన్నవి అమ్ముకుని ఒక తెరచాప పడవ కొన్నారు, అమెరికా తూర్పు తీరం వెంబడి నెలల తరబడి దానిమీదే తిరిగారు. తిరిగొచ్చాక ఆ ప్రయాణం మీదే పాటలు కట్టారు. అలా వచ్చిన మొదటి ఆల్బమ్ ‘కేప్ డోరీ’, 2011 జనవరిలో ఫ్యాట్ పోసమ్ లేబుల్ నుంచి విడుదలైంది. పడవ తయారుచేసిన కంపెనీ పేరే ఆల్బమ్ పేరు. పది పాటలు, మొత్తం కలిపి అరగంట లోపే. నాకు ఇష్టమైన ఆల్బమే ఇది. అయినా గొప్ప ఆల్బమ్ అనలేను. ఈ రెండు మాటలూ ఒకే రివ్యూలో ఇమడాలి, అదే మన పని.

ముందు వినండి, కథ తర్వాత చదవండి

రికార్డు కంపెనీ పంపే పరిచయ పత్రాన్ని, ఇంటర్వ్యూలను, బ్యాండ్ వికీపీడియా పేజీని మొదటి రోజు తెరవకండి. పడవ సంగతి తెలిసి విన్నవాళ్లకి గిటార్ మీద ప్రతి ప్రతిధ్వనిలోనూ సముద్రమే వినిపిస్తుంది. తెలియకుండా వింటే అక్కడున్నది 1960ల నాటి అమ్మాయిల గాయక బృందాల పోకడ, కొంచెం సర్ఫ్ గిటార్ (అప్పటి బీచ్ పాటల తరహా గిటార్), వెనకాల ఒక ఆర్గన్ (కీబోర్డ్ లాంటి వాద్యం). ఈ రెండో రకం వినికిడి మీకు మొదటిసారి మాత్రమే దొరుకుతుంది. దాన్ని పోగొట్టుకోవద్దు.

మొదటిసారి వినేటప్పుడు ఏమీ రాసుకోవద్దు. ఒక్కటే గమనించండి: ధ్యాస ఎక్కడ జారిపోయింది? ఏ పాట నడుస్తుండగా ఫోన్ చేతిలోకి తీసుకున్నారు? ఏ పాట మొదలైనట్టు కూడా తెలియకుండానే ముందుకెళ్లిపోయింది? హాయిగా ఉండే ఆల్బమ్‌ల విషయంలో ఈ గమనింపు చాలా విలువైనది, ఎందుకంటే అవి చెవికి ఎక్కడా గుచ్చుకోవు. లోపం ఉన్నా తప్పులా కనిపించదు, ధ్యాస జారడంగానే తెలుస్తుంది.

రెండోసారి కాగితం పెట్టుకుని కూర్చోండి. పాట పేరు, నిమిషం, సెకను, అక్కడేం జరిగింది. “2:05 దగ్గర డ్రమ్స్ ఆగాయి, గొంతు ఒక్కటే ఉంది, బాగుంది” లాంటి పొట్టి నోట్స్ చాలు. విశేషణాలు ఇప్పుడే వద్దు. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు ఆల్బమ్ జోలికి వెళ్లకండి. అప్రయత్నంగా ఏ రాగం నోట్లోకి వస్తుందో చూడండి. ఏదీ రాకపోతే అది కూడా నోట్సే.

మూడోసారి మామూలు జనం వినే తీరులో వినండి. వంట చేస్తూనో, బస్సులోనో, ఫోన్ స్పీకర్ మీదో. ఇలాంటి ఆల్బమ్‌ల అసలు బతుకు అక్కడే. హెడ్‌ఫోన్స్‌లో సాదాగా అనిపించిన పాట ఆదివారం పొద్దున ఇల్లు సర్దుకునేటప్పుడు చక్కగా కుదిరిపోవచ్చు. ఆ ఉపయోగాన్ని చిన్నచూపు చూడకండి. అయితే హెడ్‌ఫోన్స్ వినికిడినీ ఈ వినికిడినీ వేరువేరుగా రాసుకోండి, కలిపేస్తే తర్వాత తేల్చుకోలేరు.

హాయి ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోండి

చాలామంది రివ్యూయర్లు దాటేసే మెట్టు ఇది. “వినడానికి ఆహ్లాదంగా ఉంది” అని రాసి లోపాల్లోకి దూకుతారు. ఆహ్లాదం దానంతట అది రాదు, ఎవరో కూర్చుని తయారుచేస్తారు. ఎలా చేశారో చెప్పగలిగితే మీ రివ్యూలో సగం పని అయిపోయినట్టే.

మొదట తీగల వరుస చూడండి. తీగ అంటే ఇక్కడ కార్డ్, ఒకేసారి మోగే కొన్ని స్వరాల గుంపు. కీబోర్డ్ గానీ గిటార్ గానీ కాస్త వచ్చినవాళ్లయితే పాటతో పాటు వాయించి చూడండి. రానివాళ్లు వచ్చిన స్నేహితుడిని అడగండి. 1950లు, 60ల అమెరికా పాప్‌లో ఒక ప్రసిద్ధమైన నాలుగు తీగల వరుస ఉంది: స్కేల్‌లో ఒకటో తీగ, ఆరో మైనర్, నాలుగు, ఐదు. సి స్కేల్‌లో అయితే సి, ఏ మైనర్, ఎఫ్, జి. డూ-వాప్ పాటలు (గొంతులు కలిపి పాడే అప్పటి బృంద గీతాలు) బోలెడన్ని దీనిమీదే నడిచాయి. దాన్నో, దానికి దగ్గరి బంధువునో ఏ బ్యాండ్ వాడినా చెవికి సగం పాట ముందే తెలిసినట్టుంటుంది. తర్వాత ఎక్కడికి వెళ్తుందో ఊహిస్తాం, అక్కడికే వెళ్తుంది, సంతోషపడతాం. కొత్త పాట మొదటిసారే పాత పరిచయంలా అనిపించడానికి పెద్ద కారణం ఇదే.

తర్వాత రివర్బ్. ఖాళీ హాల్లో మాట్లాడితే గొంతు వెనక ఒక తోక మిగులుతుందే, దాన్ని రికార్డింగ్‌లో కావాలని కలుపుతారు. ‘కేప్ డోరీ’లో గొంతు మీదా గిటార్ మీదా అది దండిగా ఉంది. దానివల్ల రెండు పనులు జరుగుతాయి. గొంతుకి దూరం, మెత్తదనం వస్తాయి, పాత రేడియో పాటలా వినిపిస్తుంది. అదే సమయంలో మాటల అంచులు అరిగిపోతాయి, హల్లులు మసకబారతాయి. పరీక్ష కావాలంటే సాహిత్యం చూడకుండా ఒక పాట మాటల్ని విని రాయడానికి ప్రయత్నించండి. ఎన్ని లైన్లు పట్టుకోగలిగారో చూస్తే, ఈ మెత్తదనానికి బ్యాండ్ చెల్లించిన ధర తెలుస్తుంది.

వేగం కూడా కొలవండి. ఫోన్‌లో ఉచిత మెట్రోనోమ్ యాప్ తెరిచి పాటతో పాటు తట్టితే నిమిషానికి ఎన్ని దరువులో చెప్పేస్తుంది. పది పాటలకీ రాసి పక్కపక్కన పెట్టండి. అంకెలు దగ్గర దగ్గరగా ఉంటే “అన్నీ ఒకేలా ఉన్నాయి” అన్న మీ అనుమానానికి ఆధారం దొరికినట్టు. చెల్లాచెదురుగా ఉన్నా అన్నీ ఒకేలా అనిపిస్తున్నాయా? అప్పుడు కారణం వేగం కాదు, గొంతు తిరిగే స్వరాల పరిధిలోనో వాద్యాల కూర్పులోనో వెతకాలి. పల్లవి దగ్గర శబ్దం పెరుగుతోందా, చరణంతో సమానంగానే ఉందా, చరణాలు అయ్యాక ఎక్కడికో తీసుకెళ్లే మూడో భాగం ఒకటి ఉందా అన్నవి కూడా ఈ పట్టికలోనే చేర్చండి.

ఇదంతా రివ్యూలో రాయడానికి కాదు. తీగల వరుసల గురించి పేరా నింపితే చదివేవాళ్లు పారిపోతారు. ఒక్క వాక్యం చాలు, కానీ ఆ ఒక్క వాక్యం వెనక ఈ పని ఉండాలి.

ఎక్కడ ఆగిపోయిందో చెప్పండి

“ప్రత్యేకత లేదు” అనేది తీర్పు మాత్రమే. దాని కింద సాక్ష్యం ఉండాలి. మామూలు ఆల్బమ్‌లు మామూలుగా మిగిలిపోవడానికి రకరకాల కారణాలుంటాయి, మీ చేతిలో ఉన్నది వాటిలో ఏదో తేల్చుకోవాలి. మంచి రాగాలున్నా పాటలు ఒకదానికొకటి నకళ్లు కావచ్చు. తమకు ఇష్టమైన పాత సంగీతానికి మరీ దగ్గరగా నిలబడి ఉండవచ్చు. మాటల్లో ఏ ప్రమాదమూ తీసుకోకపోవచ్చు. వాయించేవాళ్లు ఇంకా కుదురుకోకపోవచ్చు. ఒక్కో దానికి ఒక్కో రకం రివ్యూ రాయాలి. మొదటి ఆల్బమ్ తడబాటునీ, ఆరో ఆల్బమ్ అలసటనీ ఒకే మాటతో కొట్టేయడం అన్యాయం.

మన ఉదాహరణలో నాలుగో పాట ‘మారథాన్’ తీసుకోండి. ఫ్లోరిడా దక్షిణాన ఉన్న దీవుల వరుసలో ఆ పేరుతో ఒక ఊరుంది. ఆటుపోట్ల లెక్క తెలియక తీరంలోకి చొచ్చుకొచ్చిన ఒక చిన్న నీటి పాయలోకి పడవ తీసుకెళ్లి, అక్కడినుంచి బతికి బయటపడడమే గగనమైన సంగతి ఆ పాటలో ఉంది. నిజంగా ప్రాణాల మీదికొచ్చిన సందర్భం. కానీ మాటలు పట్టించుకోకుండా వింటే అది ఒక సరదా బీచ్ పాట. ఆర్గన్ గెంతుతూ ఉంటుంది, గొంతులో అదే తీపి. నీటి పక్షుల మీద పాడిన చివరి పాటకీ, ప్రాణం పోబోయిన ఈ పాటకీ గొంతులో తేడా దాదాపు లేదు. ఆల్బమ్ ఎక్కడ ఆగిపోయిందో నాకు అక్కడ దొరికింది: వాళ్లు చూసినవన్నీ పాటల్లోకి వచ్చాయి, వాటిలో దేనికీ పాట లొంగి తన రూపు మార్చుకోలేదు. సముద్రం ఎంత మారినా పాట ఊపు అదే.

దీన్ని ఇంకో కోణంలోంచి కూడా చూడాలి, లేకపోతే నా తీర్పు తొందరపాటు అవుతుంది. భయాన్ని తీపిగా పాడడం కావాలని చేసిందేమో? 60ల అమ్మాయిల బృందాల పాటల్లో గుండె పగిలే మాటల్ని చప్పట్ల దరువు మీద పాడడం ఒక సంప్రదాయం. అలాంటి చోట మాటకీ రాగానికీ మధ్య ఒరిపిడి వినిపిస్తుంది, గొంతు ఎక్కడో ఒకచోట బీటలు వారుతుంది. ఇక్కడ ఆ బీట కోసం వెతికాను, నాకు వినబడలేదు. మీకు వినబడితే మీ రివ్యూ నా రివ్యూకి పూర్తిగా వేరుగా ఉండాలి. ఈ ప్రశ్న మాత్రం దాటేయకండి, కావాలని చేసిన పనిని చేతగానితనం అనుకోవడం రివ్యూల్లో తరచూ జరిగే పొరపాటు.

ఒక చిన్న పరీక్ష కూడా ఉపయోగపడుతుంది. ఆల్బమ్ ఒక్కసారి విన్న స్నేహితుడికి రెండు పాటల మధ్యలోంచి చెరో ముప్పై సెకన్లు వినిపించి, ఇవి ఒకే పాటా, వేరు పాటలా అని అడగండి. తడుముకుంటే మీకు సమాధానం వచ్చేసినట్టే.

పోలిక అవసరమే, అయితే ఎవరితో అన్నది ముఖ్యం. అదే బ్యాండ్ తర్వాతి ఆల్బమ్‌తో పోలిస్తే చాలా విషయాలు తేలతాయి. 2012లో వచ్చిన ‘యంగ్ అండ్ ఓల్డ్’ని బ్లాక్ కీస్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ డ్రమ్మర్ పాట్రిక్ కార్నీ ప్రొడ్యూస్ చేశారు. డ్రమ్స్‌కి బరువొచ్చింది, గొంతు ముందుకొచ్చింది. అది విన్నాక తిరిగి ‘కేప్ డోరీ’కి వస్తే మొదటి ఆల్బమ్‌లో మసక ఎంత ఉందో తెలుస్తుంది. పాత ఆల్బమ్ మీద రాసేటప్పుడే ఈ అవకాశం ఉంటుంది. కొత్త ఆల్బమ్ అయితే ముందటి వాటితో పోల్చండి. దాన్ని బీటిల్స్ పక్కనో, ఇంకో మహామహుల పక్కనో నిలబెట్టి చిన్నబుచ్చకండి, దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు.

దాంపత్యానికి రివ్యూ రాయకండి

ఈ మెట్టు దగ్గర కాసేపు ఆగాలి. దంపతుల ఆల్బమ్ అనగానే పాటల్ని వాళ్ల డైరీలా చదవాలన్న ఆశ పుడుతుంది. ఆ ఆశ ఎలా దారి తప్పిస్తుందో చెప్పడానికి రిచర్డ్ థాంప్సన్, లిండా థాంప్సన్ అనే బ్రిటిష్ దంపతుల చివరి ఆల్బమ్ మంచి ఉదాహరణ. 1982లో అది విడుదలయ్యేసరికి వాళ్లిద్దరూ విడిపోయారు. దాంతో విన్నవాళ్లు అందులో ప్రతి పాటనీ విడాకుల పాటగా విన్నారు. కానీ ఆ పాటల్లో ఎక్కువ భాగం 1980లోనే, ఆ తెగతెంపులకి ముందే ఒకసారి రికార్డయ్యాయి. ఆ రికార్డింగ్ పక్కన పెట్టేసి మళ్లీ చేశారు. అంటే పాట ముందు, జీవితం తర్వాత. క్రమం తెలియకుండా రాసిన రివ్యూలు కథను తలకిందులు చేశాయి.

ఇంకో వైపు వైట్ స్ట్రైప్స్ ఉన్నారు. డెట్రాయిట్ బ్యాండ్, జాక్ వైట్, మెగ్ వైట్. తాము అక్కాతమ్ముళ్లమని ప్రచారం చేసుకున్నారు. నిజానికి 1996లో పెళ్లి చేసుకుని 2000లో విడాకులు తీసుకున్న జంట. బ్యాండ్ తన గురించి చెప్పే కథ కూడా ప్రదర్శనలో భాగమేనని గుర్తుంచుకోండి.

కాబట్టి ఒక నియమం పెట్టుకోండి: వాళ్లు భార్యాభర్తలన్న విషయం పాటలో వినబడే చోట మాత్రమే దాని గురించి రాయాలి. వినబడడం అంటే ఏమిటి? మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్ ఊరికి చెందిన ‘లో’ (Low) అనే బ్యాండ్‌ని వినండి. అలన్ స్పార్‌హాక్, మిమీ పార్కర్ దంపతులు. పాట చాలా నెమ్మదిగా నడుస్తుంటే రెండు గొంతులు ఒకే ఊపిరి తీసుకున్నట్టు కలుస్తాయి. 2022లో మిమీ చనిపోయేదాకా దాదాపు మూడు దశాబ్దాలు అలా పాడారు. అక్కడ దాంపత్యం గురించి రాస్తే అది సంగీతం గురించి రాసినట్టే. న్యూజెర్సీ బ్యాండ్ యో లా టెంగోలో ఐరా కప్లాన్, జార్జియా హబ్లీ కూడా భార్యాభర్తలే. 2000లో వచ్చిన వాళ్ల ఆల్బమ్‌లో గుసగుసలాంటి గొంతుతో ఇంట్లో జరిగే చిన్న చిన్న మనస్పర్థల దాకా పాడారు. పెళ్లయి చాన్నాళ్లయినవాళ్ల సంగీతమని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇదే చెవితో ‘కేప్ డోరీ’ వినండి. పాడేది దాదాపు అంతా మూర్ ఒక్కరే. మాటల్లో “మనం” నిండా ఉంది, “నువ్వు” కూడా ఉంది. ఆ “నువ్వు” మాత్రం నోరు విప్పడు. సినిమా యుగళగీతాలు విని పెరిగిన మనకి ఇది వెంటనే తెలిసిపోతుంది, అక్కడ ఆమె ఒక లైను పాడితే అతను ఒకటి అందుకుంటాడు. ఇక్కడ రైలీ జవాబు ఉంటే గిటార్‌లోనే ఉండాలి. కొన్ని చోట్ల ఉంది, గొంతు ఆగిన ఖాళీలోకి గిటార్ వచ్చి రాగాన్ని అందుకుంటుంది. చాలా చోట్ల ఊరికే తోడు నడుస్తుంది. ఇద్దరి ప్రయాణం మీద కట్టిన ఆల్బమ్‌లో ఒకరి వైపే మనకి దక్కింది. ఇది వినికిడి మీద ఆధారపడిన మాట కాబట్టి రివ్యూలో రాయొచ్చు. వాళ్లకి పెళ్లి బలంగా ఉందా, ఎవరి మాట చెల్లుతుంది లాంటి ఊహలు మనకి సంబంధించినవి కావు.

క్రెడిట్స్ చూసి తీరాలి. ఆమె గాయని, అతనే అసలు సంగీతకారుడు అనుకోవడం చాలా పాత జబ్బు. టెన్నిస్ పాటలు ఇద్దరూ కలిసి రాసేవారు, కీబోర్డ్ మూర్ వాయించేవారు. డ్రమ్స్ వాయించిన జేమ్స్ బరోన్ పేరు జంట కథ చెప్పే తొందరలో మాయమైపోతూ ఉంటుంది. ఆయన్ని మర్చిపోకండి. తెలుగులో రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త: అతన్ని “వాయించారు” అని, ఆమెను “పాడింది” అని రాయకండి. ఇద్దరికీ ఒకే మర్యాద.

ఇప్పుడు రాయండి

పడవతో మొదలుపెట్టకండి. అందరూ దానితోనే మొదలుపెడతారు. శబ్దంతో మొదలుపెట్టండి, పడవ రెండో పేరాలో ఒక వాక్యంలో వస్తుంది.

తెలుగు రివ్యూల్లో అరిగిపోయిన మాటలు కొన్ని పక్కన పెట్టేయండి: వినసొంపుగా, మనసుకు హత్తుకునేలా, ఫ్రెష్ ఫీల్, మ్యాజిక్ చేశారు, ఆకట్టుకుంటుంది. ఇవి తప్పు మాటలేం కావు. ఏ ఆల్బమ్‌కైనా అతుకుతాయి, ఈ ఆల్బమ్ గురించి ఏమీ చెప్పవు. సినిమా పాటల రివ్యూలలో చెల్లిపోతాయేమో, ఎందుకంటే చదివేవాళ్లు ఆ పాటలు ఎలాగూ వింటారు. ఇక్కడ మీ పాఠకుడు ఈ బ్యాండ్ పేరు మొదటిసారి వింటున్నాడు. ఎలా ఉంటుందో మీరు చెబితేనే అతనికి తెలుస్తుంది.

ఇలా రాశారనుకోండి: “ప్రేమికుల సముద్రయానాన్ని కళ్లకు కట్టే అందమైన ఆల్బమ్ ఇది. మెలోడీలు ఆకట్టుకుంటాయి. కానీ కొత్తదనం లోపించింది. ఒకసారి వినొచ్చు.” ఇందులో ఒక్క పాట పేరు లేదు, ఒక్క వాద్యం లేదు. ఆల్బమ్ వినకుండానే ఇది రాసేయొచ్చు.

దాని బదులు:

“ఆర్గన్ గెంతుతుంది, గిటార్ మెరుస్తుంది, అలైనా మూర్ గొంతు పక్క గదిలోంచి వస్తున్నట్టు మెత్తగా వినిపిస్తుంది. మొదటి నాలుగు పాటలకీ ఇదే పద్ధతి, వాటి వరకు అది చాలు కూడా. ‘మారథాన్’ పల్లవి రెండోసారికే మీ నోట్లో ఉంటుంది. అయిదో పాట నుంచి ఇబ్బంది మొదలవుతుంది. తుఫానైనా, పక్షులైనా, ఇంటి బెంగైనా ఆ గొంతుకి ఒకటే రంగు. ‘పిజన్’ దగ్గర వేగం తగ్గినప్పుడు కాస్త ఊపిరాడుతుంది. మొత్తం అరగంట లోపే కాబట్టి విసుగు పుట్టే ముందే అయిపోతుంది, అది ఈ బ్యాండ్ చేసిన తెలివైన పని.”

దీనితో మీరు ఏకీభవించకపోవచ్చు. అయితే విని సరిచూసుకోవచ్చు, తప్పని నిరూపించవచ్చు. రివ్యూకి ఉండాల్సిన లక్షణం అదే.

“కానీ” విషయంలో పొదుపు పాటించండి. మధ్యరకం ఆల్బమ్ మీద రాసేటప్పుడు ప్రతి మెచ్చుకోలు వెనకా ఒక “కానీ” వచ్చి కూర్చుంటుంది. ప్రతి పేరాలో ఒకటి ఉంటే రివ్యూ అంతా నసుగుడులా తయారవుతుంది. మెచ్చుకోవాల్సింది ఒకచోట నిండుగా మెచ్చుకోండి, లోపం ఒకచోట సూటిగా చెప్పండి.

పది పాటలకీ వరసగా ఒక్కో వాక్యం రాయాల్సిన పని లేదు. అది సినిమా ఆడియో రివ్యూల అలవాటు. ఇక్కడ మూడు పాటలు లోతుగా తీసుకుంటే మిగతా ఏడు వాటి నీడలో కనిపిస్తాయి. నిడివి ఐదు వందల మాటలు దాటనీయకండి. ఇలాంటి ఆల్బమ్ మీద రెండు వేల మాటలు రాస్తే, అందులో లేని లోతును మీరే తవ్వడం మొదలుపెడతారు.

ఇది ఎవరికి నచ్చుతుందో చెప్పడం మర్చిపోవద్దు. “ఇండీ అభిమానులకి” అంటే చాలదు. పాత ఇంగ్లీష్ పాప్ ఇష్టపడి, కొత్త రికార్డింగ్‌లలో అలాంటిది వెతుక్కునేవాళ్లకి, పని చేసుకుంటూ వినడానికి మాటలు అడ్డురాని సంగీతం కావలసినవాళ్లకి అని రాయండి. గిటార్‌లో గరుకుదనం కోరుకునేవాళ్లని వేరే చోటికి పంపండి.

అంకె చివర్లో

మీరు రాసే చోట రేటింగ్ తప్పనిసరైతే, వ్యాసం పూర్తయ్యాకే ఇవ్వండి. ముందే అంకె అనుకుంటే వాక్యాలు దానికి సాక్ష్యం చెప్పడానికి వరసకడతాయి. అమెరికాలో రాబర్ట్ క్రిస్ట్‌గౌ అనే సంగీత విమర్శకుడు 1969 నుంచి ఆల్బమ్‌లకి స్కూల్ గ్రేడుల్లా అక్షరాలిచ్చారు, పిచ్‌ఫోర్క్ అనే సంగీత వెబ్‌సైట్ సున్నా నుంచి పది దాకా దశాంశాలతో ఇస్తుంది. మన తెలుగు సినిమా రివ్యూలకి 2.75 అనే అంకె ఉంది. ఎవరినీ నొప్పించకుండా తప్పించుకోవడానికి అది ఎంత అనువైనదో చదివేవాళ్లందరికీ తెలుసు. అందుకే దానికి విలువ పోయింది.

పదికి ఆరు ఇవ్వడానికి భయపడకండి. ఆరు అంటే మీ దృష్టిలో ఏమిటో ఒక వాక్యంలో రాసి పెట్టుకోండి. నా వరకు ఆరు అంటే రెండు మూడు పాటలు నా దగ్గర ఉండిపోతాయి, ఆల్బమ్ మొత్తంగా మళ్లీ పెట్టను. ‘కేప్ డోరీ’కి నేను ఆరున్నర ఇస్తాను. ఆ అర ‘మారథాన్’ పల్లవికి. మీ పాత రివ్యూలు తీసి చూడండి, అన్నిటికీ ఏడు, ఏడున్నర ఇచ్చి ఉంటే కొలబద్ద సరిచేసుకోవలసిన సమయం వచ్చినట్టే.

తెలిసినవాళ్ల ఆల్బమ్ అయితే ఇంకో సంగతి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో సొంత పాటలు కట్టుకుని పాడే జంటల మీద రాయాల్సి వస్తే, ఈ లోకం చిన్నది, వాళ్లతో ఎక్కడో ఒకచోట మీకు పరిచయం ఉండే అవకాశం ఎక్కువ. స్నేహం ఉంటే ఆ మాట రివ్యూలోనే రాయండి. దగ్గరి స్నేహమైతే రివ్యూ ఇంకొకరికి వదిలేయండి. ఊరివాళ్లు కదా అని ఒక మార్కు కలపడం వాళ్లకే నష్టం, తర్వాతి ఆల్బమ్‌లో ఏం మార్చాలో చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

పంపే ముందు

ఒక రాత్రి ఆగండి. పొద్దున్నే బిగ్గరగా చదవండి. ఆ జంట మీ ఎదురుగా కూర్చుని ఉంటే ఇందులో ఏ వాక్యం చదవడానికి నోరు రాదో చూడండి. నిజమై ఉండి కఠినంగా ఉంటే ఉంచండి. తెలివి చూపించడానికి రాసిందైతే కొట్టేయండి. తర్వాత రివ్యూని చేతిలో పట్టుకుని ఆల్బమ్ మరొక్కసారి వినండి. “అయిదో పాట నుంచి” అని రాశారా, నిజంగా అయిదో పాటేనా? సంవత్సరం, లేబుల్, పేర్ల స్పెల్లింగ్, పాటల వరుస ఆల్బమ్ కవర్‌తో సరిచూడండి.

శీర్షిక ఆఖరున పెట్టండి. సముద్రం, అలలు, ప్రేమ నౌక, తెరచాప, ఇవేవీ వద్దు. ఆ మాటలన్నీ పరిచయ పత్రం ముందే వాడేసింది. బ్యాండ్ పేరు, ఆల్బమ్ పేరు, మీ రివ్యూలో మీకు బాగా నమ్మకమున్న వాక్యంలోంచి నాలుగైదు మాటలు. మన ఉదాహరణకి నేనైతే ఇలా పెడతాను: ‘టెన్నిస్, కేప్ డోరీ: మొదటి నాలుగు పాటల కోసం’.